పాత క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా? టెస్లా తొలి ఆల్బమ్‌తో నేర్చుకుందాం

టెస్లా అనగానే కారు గుర్తొస్తే తప్పు మీది కాదు. కానీ కారుకి చాలా ముందే, 1986లో, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి ఆ పేరుతో ఒక రాక్ బ్యాండ్ వచ్చింది. అంతకుముందు వాళ్ల పేరు సిటీ కిడ్. తర్వాత శాస్త్రవేత్త నికోలా టెస్లా పేరు పెట్టుకున్నారు. తొలి ఆల్బమ్‌కి కూడా ఆయన ప్రయోగాలను గుర్తుచేసే 'మెకానికల్ రెజొనెన్స్' అన్న పేరే పెట్టారు. అమెరికాలో పది లక్షల కాపీలు దాటి ప్లాటినమ్ అయింది. అయినా హెయిర్ మెటల్, అంటే జుట్టు పెంచి మేకప్ వేసుకున్న ఎనభైల నాటి రాక్, గురించి ఎవరు మొదలుపెట్టినా మాట్లీ క్రూ, పాయిజన్ దగ్గరే ఆగిపోతారు. వీళ్లు జుట్టు పెంచారు గానీ లిప్‌స్టిక్ జోలికి పోలేదు. నన్నడిగితే ఆ గుంపులో చెవులతో వినాల్సిన బ్యాండ్ ఇదొక్కటే, మిగతావాళ్లని కళ్లతో చూస్తే చాలు.

శాక్రమెంటో దగ్గరి ఫాల్సమ్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఒక గరాజ్ సేల్‌లో ఈ క్యాసెట్ డాలరుకి దొరికింది. ఇంటికొచ్చి పెడితే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. టేపు పాడైపోయిందనుకుని పక్కన పడేశాను. రెండేళ్ల తర్వాత తెలిసింది, పాడైంది టేపు కాదు, నా డెక్‌లో, అంటే బల్ల మీద పెట్టుకునే క్యాసెట్ ప్లేయర్‌లో, ఒక చిన్న స్క్రూ సరిగా లేదని. ఈ రోజుకీ స్నేహితులు తాతగారి హరికథ, అక్క పెళ్లి, ఘంటసాల అంటూ సంచుల్లో క్యాసెట్లు తెస్తారు. 'ముందే ఒకసారి ఎక్కించాం, సౌండ్ బాగా రాలేదు' అంటారు. అన్నీ అదే స్క్రూ కేసులు.

ఈ ఆల్బమ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా, ఇంత గొడవెందుకు అంటారా? దొరుకుతుంది కాబట్టే దీంతో నేర్చుకోమంటున్నాను. మీరు చేసింది సరిగ్గా వచ్చిందో లేదో పోల్చుకోవచ్చు. తాతగారి హరికథకి రెండో కాపీ ఉండదు.

కావలసినవి

మంచి క్యాసెట్ డెక్, కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, అయస్కాంతం కాని సన్న స్క్రూడ్రైవర్, మార్కర్ పెన్. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు.

డెక్ అంటే డెక్కే. అరచేతిలో పట్టే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు అమ్ముతున్నారు చూడండి, వాటిని కొనకండి. మోటారు స్పీడు నిలకడగా ఉండదు, పాట ఊగుతుంది. క్యాసెట్ తీసి తిప్పకుండానే రెండో వైపు వాయించే ఆటో రివర్స్ డెక్ కూడా వద్దు. టేపుని చదివే దాని హెడ్ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి మీరు ఎంత జాగ్రత్తగా సరిచేసినా కదిలిపోతుంది.

శుభ్రం చేయడం, టేపు సిద్ధం చేయడం

దూది పుల్లని ఆల్కహాల్‌లో ముంచి హెడ్‌నీ, టేపుని లాగే సన్నటి ఇనుప కడ్డీనీ తుడవండి. దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. ఆ కడ్డీకి టేపుని నొక్కే రబ్బరు చక్రాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

క్యాసెట్ లోపల టేపుని హెడ్‌కి నొక్కే చిన్న మెత్త ఉంటుంది. అది ఊడిపోయిందేమో చూడండి. ఊడితే మరో పాత క్యాసెట్ నుంచి తీసి పెట్టుకోవచ్చు. తర్వాత టేపుని ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి. ఇలా తిప్పకుండా ప్లే నొక్కితే స్పీడు తేడా వస్తుంది. పదిహేను నిమిషాల పని, అయిపోయింది.

అసలు పని: హెడ్ స్క్రూ

ఇక్కడ నెమ్మదించండి. కాఫీ తాగొచ్చి మొదలుపెట్టినా పర్లేదు.

హెడ్ మధ్యలో కంటికి కనిపించనంత సన్నటి గాడి ఉంటుంది. అది టేపు నడకకి నిటారుగా, సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. దీన్నే అజిమత్ అంటారు. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. 10,000 హెర్ట్జ్ శబ్దం, అంటే డ్రమ్స్‌తో వాయించే ఇత్తడి పళ్లేల (సింబల్స్, హై హ్యాట్) మెరుపు, చిటపట ఉండే చోటు, టేపు మీద ఒక్కో అలకి 5 మైక్రాన్లు కూడా తీసుకోదు. తల వెంట్రుక మందంలో పదో వంతన్నమాట. గాడి కాస్త వాలిందంటే ఆ అలలన్నీ కలగలిసి చెరిగిపోతాయి. డ్రమ్స్, బేస్ మాత్రం మామూలుగానే వినిపిస్తాయి. అందుకే మనకి 'టేపు పాతబడింది' అనిపిస్తుంది.

అప్పుడు అందరూ చేసే తప్పు, ట్రెబుల్ పెంచడం. లేని శబ్దాన్ని పెంచితే హిస్, అంటే టేపు బుస తప్ప ఏం వస్తుంది? రెండో తప్పు, ఆ బుసని తగ్గించే డాల్బీ ఆపేయడం. క్యాసెట్ మీద రెండు డీల గుర్తు ఉంటే అది డాల్బీతో రికార్డు చేసింది, డాల్బీతోనే వినాలి. పై శబ్దాలు నీరసంగా అందినప్పుడు డాల్బీ సర్క్యూట్ మోసపోయి వాటిని ఇంకా తగ్గిస్తుంది. జనం డాల్బీని తిడతారు. రోగం ఒకచోట, మందు ఒకచోట.

సరే, విధానం. డెక్ తలుపు మీది ప్లాస్టిక్ మూత తీసేయండి, చాలా డెక్‌లకి అది పైకి జారితే వచ్చేస్తుంది. హెడ్‌కి ఇరువైపులా స్క్రూలు కనిపిస్తాయి. వాటిలో కింద చిన్న స్ప్రింగ్ ఉన్నదే మనది. రెండోది ముట్టుకోకండి. నిజంగానే ముట్టుకోకండి, అది కదిలితే హెడ్ ఎత్తు మారిపోతుంది, ఆ తర్వాత సర్వీస్ షాపుకి పోవాల్సిందే. మన స్క్రూ తల మీద, పక్కన ఒకే గీతలో మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఈ గుర్తు పెట్టకుండా మొదలుపెట్టినవాళ్లకి నేను ఫోన్‌లో సహాయం చేయను.

డాల్బీ ఆఫ్ చేయండి, సర్దుకున్నాక మళ్లీ ఆన్ చేద్దాం. 'ఈజీ కమ్ ఈజీ గో' పెట్టి హెడ్‌ఫోన్స్‌లో మామూలు స్టీరియోలోనే వినండి. స్క్రూని గడియారంలో ఐదు నిమిషాలంత ఒకవైపు తిప్పి ఆగండి. శబ్దం మూసుకుపోతోందా, తెరుచుకుంటోందా? తెరుచుకునే వైపు పోతూ ఉంటే ఒక చోట సింబల్స్ ముందుకొస్తాయి, అది దాటితే మళ్లీ మూసుకుపోతాయి. వెనక్కొచ్చి మధ్యలో నిలపండి. మొత్తం మీద పావు చుట్టు మించి తిప్పాల్సి వస్తే ఏదో తేడా ఉన్నట్టే. గుర్తు దగ్గరికి వచ్చేసి, క్యాసెట్ సరిగా కూర్చుందో లేదో చూసుకోండి.

ఇప్పుడు సన్న సర్దుబాటు. ఆడాసిటీలోనో ఆంప్లిఫయర్‌లోనో ఎడమ, కుడి చానళ్లని కలిపి మోనో చేయండి. హెడ్ ఇంకా కాస్త వాలి ఉంటే రెండు చానళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గాలి వీచినట్టు 'స్ స్' అని తిరుగుతుంది. స్క్రూని వెంట్రుకవాసి కదుపుతూ, పై శబ్దం అన్నిటికంటే ప్రకాశంగా, నిలకడగా ఉన్న చోట ఆపండి. దీనికి మొదటి వైపు 'గెటిన్ బెటర్' మొదలు బాగుంటుంది. రెండో వైపు 'లిటిల్ సూజీ'లో మొదట వచ్చే అకూస్టిక్ గిటార్‌ని మించింది లేదు, స్టీలు తీగ మీద వేలి గోరు తగిలిన చప్పుడు దాకా వినపడాలి. (ఆ పాట అసలు వీళ్లది కాదు, పీహెచ్‌డీ అనే బ్రిటిష్ బృందం 1981లో చేసింది. కానీ ఆ గిటార్ మొదలు విన్నాక ఒరిజినల్ ఎవరికి కావాలి?)

మోనోతోనే మొదలుపెడితే టైమ్ కలిసొస్తుంది కదా అని ఒకాయన అడిగారు. అలా చేయకూడదు. మోనోలో దొంగ శిఖరాలుంటాయి. హెడ్ బాగా వాలిపోయి, ఒక చానల్ సరిగ్గా ఒక అల వెనకబడినప్పుడు కూడా ఆ ఒక్క శబ్దం కలిసిపోయి బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే ముందు స్టీరియోలో చెవితో దగ్గరికి రావాలి, తర్వాతే మోనో.

ఇంకొన్ని హెచ్చరికలు. టేపు నడుస్తుండగా స్క్రూడ్రైవర్ జారి హెడ్ మీద పడితే గీత పడుతుంది, ఆ గీత ప్రతి క్యాసెట్‌నీ కోస్తుంది. మోచేతిని బల్లకి ఆనించి పని చేయండి. రివైండ్ అవుతుండగా చేయి పెట్టకండి. స్క్రూ మీద రంగు లక్క ఉంటే బలవంతంగా తిప్పకండి, ఆల్కహాల్ చుక్క వేసి కాసేపు ఆగండి. చెవి అలిసిపోయిందనిపిస్తే వదిలేసి పది నిమిషాలు బయట తిరిగి రండి. రాత్రి పదకొండుకి 'అద్భుతం' అనిపించిన సర్దుబాటు పొద్దున వింటే చాలాసార్లు నవ్వొచ్చింది నాకు.

రెండో వైపు తిప్పినప్పుడు మళ్లీ చూసుకోవాలి. రెండు వైపులూ ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు.

ఇదంతా అయ్యాక డాల్బీ ఆన్ చేసి వినండి. ఈ ఆల్బమ్‌ని తీర్చిదిద్దిన స్టీవ్ థాంప్సన్, మైఖేల్ బార్బియెరోలే మరుసటేడు గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్‌నీ మిక్స్ చేశారు. ఆ ఆల్బమ్‌కి ప్రపంచమంతా మొక్కుతుంది, దీన్ని గరాజ్ సేల్‌లో డాలరుకి అమ్ముతారు. హెడ్ సరైన చోటుకి వచ్చాక 'కమిన్ ఎట్చా లైవ్' మొదట్లో గిటార్ ఎలా చీల్చుకొస్తుందో విని చెప్పండి, ఏది ఎక్కువో.

రికార్డింగ్

ఆడాసిటీలో 24 బిట్, 48,000 హెర్ట్జ్ పెట్టండి. రెండో వైపు మొదటి పాట 'మోడర్న్ డే కౌబాయ్' బాగా గట్టిగా ఉండే చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ సర్దుకోండి. అక్కడ సరిపోతే మిగతా అన్నిటికీ సరిపోతుంది. ఒక్కో వైపు అరగంట లోపే. ఆపకుండా మొత్తం ఎక్కించండి.

ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్ వాడకండి. హిస్‌తో పాటు 'చేంజెస్' మొదట్లోని పియానో మెరుపు కూడా పోతుంది, నీళ్లలో వాయించినట్టు తయారవుతుంది. హిస్ ఉంటే ఉండనివ్వండి, అది క్యాసెట్.

పాటలు విడగొట్టి ఫ్లాక్‌లో, అంటే నాణ్యత ఏమీ పోని ఫైలు రకంలో, దాచుకోండి. ఎంపీ3 కావాలంటే దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

చివరగా స్క్రూని మార్కర్ గుర్తు దగ్గరికి తిరిగి తెచ్చేయండి. అదే డెక్‌లో మీరు రికార్డు చేసుకున్న పాత క్యాసెట్లన్నీ ఆ పాత కోణంలోనే ఉన్నాయి మరి. ఆ తర్వాత మూత పెట్టేయండి.