గంట పాఠాన్ని గంట వీడియోగా పెట్టకండి

ఆన్‌లైన్ కోర్సు తయారుచేస్తున్న లెక్చరర్లకు ఒక మాట. క్లాసులో చెప్పే గంట పాఠాన్ని అలాగే రికార్డు చేసి పెట్టేయకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించి 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు మామూలుగా ఆరు నిమిషాలకు మించి నిలవలేదు.

అందుకే పాఠాన్ని చిన్న చిన్న వీడియోలుగా విడగొట్టి, ఒక్కోదాని చివర ఒక ప్రశ్న పెట్టండి. ఉదాహరణకు డిగ్రీ ఎకనామిక్స్‌లో డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందనే లెక్క) తీసుకోండి. నిర్వచనం, ఒక చిన్న లెక్క కాగానే ఆపేసి, "ఉప్పు ధర రెట్టింపైతే మీ ఇంట్లో వాడకం ఎంత తగ్గుతుంది? ఎందుకు?" అని అడగండి. జవాబు రాశాకే తర్వాతి వీడియో తెరుచుకోవాలి. ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో అయితే 'రిస్ట్రిక్ట్ యాక్సెస్' సెట్టింగ్‌తో ఇది కుదురుతుంది. దీనికి మార్కులు మాత్రం పెట్టకండి, పిల్లలు టెన్షన్ పడి పక్కవాళ్ల జవాబు దించేస్తారు. తప్పు జవాబులు వస్తే ఓపిగ్గా చదవండి. తర్వాతి వీడియోలో ఎక్కడ మొదలుపెట్టాలో వాటిలోనే దొరుకుతుంది.