చికిత్స వార్తను చదవడం – 4వ పాఠం: తగ్గింది ఏ దుడుకుతనం?

పోయిన పాఠంలో ఒక చికిత్సను దేనితో పోల్చి చూశారో వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఇంకో మెట్టు ఎక్కుదాం. "తగ్గింది" అని రాస్తే తగ్గిందేమిటి, దాన్ని దేంతో కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడగడం. సాధన కోసం కాస్త చిక్కు విషయమే ఎంచుకున్నాను: బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే అందరూ బీపీడీ అనేది (భావాలూ బంధాలూ నిలకడగా ఉండని మానసిక జబ్బు), ఉన్నవాళ్లలో కనిపించే దుడుకుతనానికి, అంటే ముందూ వెనకా చూడని తొందరపాటుకు, తల మీద అయస్కాంతంతోనో సన్నటి కరెంటుతోనో చేసే చికిత్స. డిప్రెషన్ కోసం తెచ్చిన మెషిన్‌నే "కోపం, ఆవేశం, బీపీడీకి కూడా" అంటూ ఒక కరపత్రం అమ్మానాన్నల చేతికొస్తే, హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనైనా సరే, ముందు పుట్టేది ఆశ. ఆ ఆశతోనే కూర్చుని కాగితం చదవడం ఎలాగో చూద్దాం. సైకాలజీ విద్యార్థులకూ ఇదే పాఠం పనికొస్తుంది.

ముందు మెషిన్ల సంగతి, క్లుప్తంగా.

అయస్కాంతంతో చేసేది టీఎంఎస్. అందులో తలకు ఒక కాయిల్, అంటే తీగచుట్ట, ఆనిస్తారు. ఆ చుట్టలో కరెంటు ఒక్క క్షణం పారినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం పుర్రె దాటి వెళ్లి, కింద ఉన్న మెదడు పైపొరలో చిన్న కరెంటు రేపుతుంది. షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో దీన్ని మొదట చేసి చూపింది. మొదటి రోజు చేతి బొటనవేలు అదిరేదాకా బలం పెంచుతూ పోతారు. ఎంత బలానికి వేలు అదిరిందో దాన్ని బట్టే ఆ మనిషి డోసు తేలుతుంది. మత్తు ఉండదు, కుర్చీలో మెలకువగానే కూర్చుంటారు. టకటకమని చప్పుడు, మాడు మీద ఎవరో వేలితో కొడుతున్నట్టు ఉంటుంది. సెకనుకు ఒక దెబ్బ చొప్పున ఇస్తే ఆ చోటు చురుకు తగ్గుతుందనీ, ఐదో పదో ఇస్తే పెరుగుతుందనీ ఒక మోటు లెక్క ఉంది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం బాగానే ఉంటుంది.

సన్నటి కరెంటుతో చేసే టీడీసీఎస్ ఇంతకన్నా సాదా. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజిలను నుదుటికి పైన చెరో పక్క కట్టి, ఒకటో రెండో మిల్లీఆంపియర్ల కరెంటును ఇరవై నిమిషాలు పంపుతారు. అందులో చాలా భాగాన్ని చర్మమూ పుర్రే మింగేస్తాయి. మిగిలింది కణాలను నేరుగా పని చేయించదు, పనికి సిద్ధంగా ఉండే స్థితిని కాస్త అటో ఇటో జరుపుతుందంతే. రెండు పద్ధతుల్లోనూ సాధారణంగా గురి ఒకే చోటు: నుదురు వెనక, కాస్త పక్కగా ఉండే భాగం. పత్రాల్లో ఎఫ్3 అని ఉంటే ఎడమ, ఎఫ్4 అని ఉంటే కుడి.

ఇవి షాక్ ట్రీట్‌మెంట్ కావు. ఎర్రగడ్డ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఈసీటీ. అందులో మూర్ఛ (ఫిట్స్) రప్పించడమే చికిత్స. మత్తూ, కండరాలు సడలించే మందూ లేకుండా దాన్ని ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది కూడా. టీఎంఎస్‌లో మూర్ఛ వస్తే అది ప్రమాదం, అదీ అరుదు. మెషిన్ల గురించి ఇంతకు మించి మనకు అక్కర్లేదు.

ఇక అసలు పాఠం.

సాధన కోసం ఒక అమ్మాయిని కల్పించుకుందాం. వయసు 24. మాదాపూర్‌లో ఉద్యోగం, మియాపూర్‌లో హాస్టల్. పగలు టీమ్‌లో అందరికన్నా ఓపిక తనకే. కస్టమర్ ఎంత అరిచినా "ఓకే సర్, చూస్తాను" అంటుంది. రాత్రి పదకొండింటికి స్నేహితుడికి పెట్టిన మెసేజ్‌కు బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు. పావుగంటలో మెసేజ్ మీద మెసేజ్, ఆ తర్వాత బ్లాక్. క్రెడిట్ కార్డు మీద అక్కర్లేని ఫోను ఆర్డర్. ఒంటిగంటకు మేనేజర్‌కు రాజీనామా మెయిల్. అప్పటికీ చల్లారక హెల్మెట్ లేకుండా స్కూటీ తీసి ముంబై హైవే ఎక్కింది. తెల్లారాక తల ఎత్తుకోలేక, మేనేజర్‌కు ఏం చెప్పాలో తోచక మంచం మీదే ఉండిపోయింది.

ఈ ఒక్క రాత్రిని బట్టి తనకు బీపీడీ ఉందని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం లెక్కలో తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి, అవీ ఏళ్లుగా ఉన్నవై ఉండాలి. ఆ తొమ్మిదిలో ఒకటి దుడుకుతనం: ఖర్చు, మత్తు, శృంగారం, బండి నడపడం, తిండి లాంటి వాటిలో కనీసం రెండింటిలో తనకు తాను నష్టం తెచ్చుకునేంతగా. తనను తాను గాయపరచుకోవడం వేరే లక్షణం కింద లెక్క. వార్తలు రాసేవాళ్లు ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తారు. మీరు వేయకండి.

ఇప్పుడు ఈ అమ్మాయి దుడుకుతనాన్ని కొలవాలి. పరిశోధకుల చేతిలో ముఖ్యంగా మూడు రకాల కొలతలున్నాయి.

మొదటిది ప్రశ్నావళి. ఎక్కువగా కనిపించేది బారట్ స్కేలు. 1995 నాటి పదకొండో రూపంలో 30 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కు, మొత్తం 30 నుంచి 120 లోపు వస్తుంది. ముందూ వెనకా చూడకుండా పనులు చేస్తానా, డబ్బు దాస్తానా, ఒకచోట కుదురుగా కూర్చోగలనా, ఇలాంటివి అడుగుతుంది. జవాబు చెప్పేది ఆ మనిషే. పైగా అడిగేది "మామూలుగా మీరెలా ఉంటారు" అని. మన అమ్మాయి ఆ రాత్రి మర్నాడు నింపితే ఒక స్కోరు, ప్రశాంతంగా ఉన్న ఆదివారం నింపితే ఇంకో స్కోరు రావచ్చు.

రెండోది కంప్యూటర్ ఆట, పేరు గో/నో-గో. దీన్ని దగ్గరగా చూడండి. తెర మీద అక్షరాలు ఒకదాని వెంట ఒకటి చకచకా వస్తుంటాయి. ఏ అక్షరం వచ్చినా మీట నొక్కాలి, ఒక్క ఎక్స్ వస్తే మాత్రం ఆగాలి. నొక్కాల్సినవే ఎక్కువ కాబట్టి వేలికి అలవాటు పడిపోతుంది. ఎక్స్ కనబడిందని మెదడు గుర్తించేలోపే వేలు కిందికి దిగుతుంది. అలా దిగిన ప్రతిసారీ ఒక తప్పు. ఈ ఆట కొలిచేది అరసెకను లోపల వేలిని ఆపుకోగలగడం. పొద్దున పదకొండింటికి, ఏసీ గదిలో, టీ తాగి వచ్చిన మన అమ్మాయి ఇందులో అందరికన్నా మంచి మార్కులు తెచ్చుకున్నా నేను ఆశ్చర్యపోను.

మూడోది ఎంపిక. ఇప్పుడే ఐదొందలు కావాలా, నెల తర్వాత వెయ్యి కావాలా? అంకెలు మారుస్తూ అడుగుతారు. దీనితో ఎంత ఆగగలరో తెలుస్తుంది.

ఈ మూడూ ఒకే పేరుతో అచ్చవుతాయి. ప్రశ్నావళి స్కోరుకూ ఆట స్కోరుకూ మధ్య సంబంధం చాలా బలహీనమని పరిశోధకులే పదేపదే చూశారు. ఒకదానిలో తగ్గితే రెండోదానిలో తగ్గినట్టు కాదు. దీనికి తోడు బీపీడీలో దుడుకుతనం రోజంతా ఒకే మోతాదులో ఉండదు. మనసు గాయపడ్డప్పుడు, "వదిలేస్తున్నారు" అనిపించినప్పుడు కట్టలు తెంచుకుంటుంది. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే ఇద్దరు ఇలా బాధలో ఉన్నప్పుడు పుట్టే తొందరపాటును మిగతా రకాల నుంచి విడదీసి వేరే కొలతగా పెట్టారు. నన్నడిగితే బీపీడీ పత్రం చేతికి రాగానే ముందు వెతకాల్సింది ఈ రకాన్ని కొలిచారా లేదా అన్నదే. కొలవకపోతే, మీట ఆటలో తప్పులు తగ్గాయన్న ఫలితం చూసి ఇంట్లోవాళ్లు సంబరపడాల్సింది పెద్దగా లేదు.

ఇప్పుడు నిజమైన అధ్యయనాల మీద ప్రయత్నిద్దాం.

ఇటలీ పరిశోధకులు 2020లో ప్రచురించిన టీడీసీఎస్ అధ్యయనం. బీపీడీ ఉన్న 30 మంది. కుడి పక్క ఆనోడ్ (ప్లస్ కొన), ఎడమ పక్క కాథోడ్ (మైనస్ కొన), 2 మిల్లీఆంపియర్లు, మూడు వారాల్లో 15 సిట్టింగ్‌లు. కొందరికి నిజమైన కరెంటు, కొందరికి షామ్, అంటే నిజమైనదానిలాగే కనిపించే ఉత్తుత్తి చికిత్స. పోయిన పాఠంలోని ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: పోల్చింది షామ్‌తో. టీడీసీఎస్ షామ్ మామూలుగా ఎలా ఉంటుందంటే, మొదట్లో కాసేపు కరెంటు పంపి చర్మం చిమచిమలాడగానే చప్పుడు లేకుండా తగ్గించేస్తారు. కూర్చున్నవాళ్లకు తేడా తెలియడం కష్టం. కాబట్టి ఈ విషయంలో మంచి మార్కులే వేయొచ్చు. ఫలితం: నిజమైన కరెంటు అందినవాళ్లలో దుడుకుతనం, దూకుడు స్కోర్లు తగ్గాయి.

ఈ పాఠంలో నేర్చుకున్న ప్రశ్న ఇప్పుడు వేయండి. స్కోరు అంటే ఏ స్కోరు? ప్రశ్నావళిది. అంటే "నేనిప్పుడు తక్కువ తొందరపడుతున్నాను" అని వాళ్లు చెప్పారు. అది తీసిపారేసే మాట కాదు, తన గురించి తనకలా అనిపించడం కూడా పెద్ద విషయమే. రాత్రి ఒంటిగంట మెయిళ్లు తగ్గాయా లేదా అన్నది మాత్రం దాన్నుంచి తేలదు. ఒక పత్రంలో 30 మంది ఉన్నారంటే, అది దారి చూపుతుంది. చికిత్సగా నిలబడాలంటే వేరే ఊళ్లలో, ఇంకా ఎక్కువమందిలో మళ్లీ అదే ఫలితం రావాలి.

టీఎంఎస్ వైపు 2014లో ఒక షామ్ అధ్యయనం వచ్చింది, అందులో ఉన్నది 10 మందే. మెక్సికో పరిశోధకులు 2018లో ఒక గుంపుకు కుడి పక్క సెకనుకు ఒకటి, ఇంకో గుంపుకు ఎడమ పక్క సెకనుకు ఐదు చొప్పున ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి. షామ్ గుంపు లేదు. రెండు వేర్వేరు పద్ధతులూ ఒకేలా పనిచేశాయంటే మీకేం అనిపిస్తోంది? రెండూ పనిచేసి ఉండొచ్చు. రోజూ ఒక చోటికి వెళ్లి, ఒకరు పలకరించి, పట్టించుకోవడమే పనిచేసి ఉండొచ్చు. క్లినిక్‌కు జనం వచ్చేది మరీ భరించలేని రోజుల్లో కాబట్టి, ఆ తర్వాత కాస్త తెరిపి రావడం మామూలుగా జరిగేదే అయ్యుండొచ్చు. బీపీడీ దీర్ఘకాలంలో తగ్గే జబ్బు కూడా. అమెరికాలో మేరీ జనారిని బృందం పదేళ్లు వెంబడించి చూస్తే 93 శాతం మందికి కనీసం రెండేళ్ల పాటు లక్షణాలు రోగ నిర్ధారణ గీత కిందికి దిగిపోయాయి. ఈ సంగతి మన దగ్గర డాక్టర్లు ఇంకా గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

పోలిక కోసం డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటల చికిత్సను చూడండి. మార్షా లైనహన్ 1991లో ప్రచురించిన పరీక్షలో లెక్కబెట్టింది మార్కులను కాదు, ఏడాదిలో ఎన్నిసార్లు తనను తాను గాయపరచుకున్నారు, ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉన్నారు అన్నదాన్ని. బీపీడీకి ఇప్పటికీ ముందు వరుసలో ఉన్నది ఇలాంటి మాటల చికిత్సలే. టీఎంఎస్, టీడీసీఎస్ లాంటి మెదడు ప్రేరణ వాటికి తోడుగా పనికొస్తుందేమోనని చూస్తున్నారు, వాటి బదులుగా కాదు.

క్లినిక్‌కు ఫోన్ చేస్తే అడగాల్సినవి ఒకటి రెండున్నాయి. "ఎఫ్‌డీఏ ఆమోదించిన మెషిన్ అండీ" అంటారు. నిజమే కావచ్చు. మందులకూ వైద్య మెషిన్లకూ అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, టీఎంఎస్‌కు డిప్రెషన్ కోసం 2008లో, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు) కోసం 2018లో అనుమతి ఇచ్చింది. బీపీడీకి ఇవ్వలేదు. "మా అమ్మాయికి ఏ జబ్బు కోసం ఇస్తున్నారు సర్?" అని అడగండి. బీపీడీతో పాటు డిప్రెషన్ కూడా ఉంటే, దానికోసం ఇస్తున్నామని డాక్టర్ అంటే అది పద్ధతైన జవాబే. "దుడుకుతనానికే" అంటే రెండో ప్రశ్న: "ఇది ట్రయలా?" ట్రయలైతే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధన ఖర్చును పాల్గొన్నవాళ్ల మీద వేయకూడదు. పరిశోధన అంటూనే ప్యాకేజీ రేటు చెబితే ఫోన్ పెట్టేయొచ్చు. తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చినా వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి.

ఇవేవీ ప్రాణాపాయం ఉన్న రాత్రి చదువుకునేవి కావు. అలాంటప్పుడు టెలీ-మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు. లేదంటే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

అభ్యాసం 1. కింది కరపత్రం నేను కల్పించింది. "పదిమందిలో ఎనిమిదిమందికి 20 సిట్టింగ్‌లలో ఆవేశం మాయం! మందులు లేవు, సైడ్ ఎఫెక్టులు లేవు, అంతర్జాతీయ ఆమోదం పొందిన టెక్నాలజీ." ఇందులో సమాధానం లేని ప్రశ్నలు కనీసం ఐదు రాయండి. "ఆవేశం" దగ్గరే రెండు దొరుకుతాయి.

అభ్యాసం 2. ఇది ఇంట్లో బీపీడీతో ఉన్నవాళ్లు తమకోసం తామే చేసుకునేది, అమ్మానాన్నలు చాటుగా రాసే డైరీ కాదు. నెల రోజుల పాటు జరిగిన సంగతులే రాయండి: ఏ రోజు, ఎన్నింటికి, దానికి ముందు ఏమైంది, ఏం చేశారు, చేయాలనిపించడానికీ చేయడానికీ మధ్య ఎంతసేపు పట్టింది. "గురువారం, రాత్రి 11:10, ఫోన్ ఎత్తలేదు, ఆర్డర్ పెట్టాను, నాలుగు నిమిషాలు" అన్నట్టుగా. ఏ చికిత్స మొదలుపెట్టినా ఈ చివరి గడిలో అంకె పెరుగుతోందా అని డాక్టర్‌తో కలిసి చూడండి.

మొదటి అభ్యాసం జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో సైడ్ ఎఫెక్టుల పట్టిక చదవడం మొదలుపెడదాం.