రెండర్డ్ విలువ ట్రూ అయినా కనబడని గడి

జావాతో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ అయిన జావా సర్వర్ ఫేసెస్‌లో రాసిన మా ఫీజు చెల్లింపు పేజీలో, డ్రాప్‌డౌన్‌లో 'చెక్కు'ను ఎంచుకోగానే చెక్కు నంబరు గడి కనబడాలి. బీన్‌లో (పేజీ డేటాను ఉంచే జావా ఆబ్జెక్టులో) విలువ మారుతున్నట్టు లాగ్ స్పష్టంగా చూపుతున్నా గడి రాలేదు. అజాక్స్ (పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా కొంత భాగాన్నే మార్చే పద్ధతి) తీసేసి ఫారాన్ని మామూలుగా సబ్మిట్ చేస్తే మాత్రం వచ్చేది.

బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్‌లో వెతికితే ఆ గడి ఐడీయే లేదు. గడిని చూపాలా వద్దా అని చెప్పే రెండర్డ్ విలువ ఫాల్స్ అయినప్పుడు ఫ్రేమ్‌వర్క్ గడిని దాచదు, దాని హెచ్‌టీఎంఎల్‌ను అసలు పంపనే పంపదు; అందువల్ల అజాక్స్ జవాబు వచ్చాక ఏ ఎలిమెంటు స్థానంలో కొత్తదాన్ని పెట్టాలో జావాస్క్రిప్ట్‌కు దొరకదు. గడి చుట్టూ ఎప్పుడూ రెండర్ అయ్యే ప్యానెల్‌గ్రూప్ (ఇతర భాగాలను తనలో ఉంచుకునే కాంపొనెంట్) ఒకటి పెట్టి, దానికి ఐడీ ఇచ్చి, అజాక్స్ ట్యాగులో ఏ భాగాన్ని మార్చాలో చెప్పే రెండర్‌లో ఆ ఐడీనే రాశాను. గడి వెంటనే వచ్చింది.

అంతకుముందు జేఎస్‌టీఎల్ (జావా పేజీల ప్రామాణిక ట్యాగుల లైబ్రరీ) ఇఫ్ ట్యాగుతో ఒక పూటంతా పోయింది. అది కాంపొనెంట్ ట్రీని (పేజీలోని భాగాల అమరికను) కట్టేటప్పుడే షరతును చూస్తుంది కనుక, ట్రీ కట్టాకే విలువ వచ్చే డేటాటేబుల్ (పట్టిక) వరుసల వేరియబుల్ దానికి అందదు. అక్కడ రెండర్డ్ తప్ప వేరే దారి లేదని నా అభిప్రాయం.

తర్వాత అదే ప్యానెల్‌లోని సేవ్ బటన్ నొక్కినా మెథడ్ నడవలేదు. బీన్ ఒక్క రిక్వెస్టు వరకే బతికే రిక్వెస్ట్ స్కోప్‌లో ఉండడంతో, సబ్మిట్ సమయంలో షరతు మళ్లీ ఫాల్స్ అయి, బటన్ నొక్కిన సంగతే సర్వర్ పట్టించుకోలేదు. అదే పేజీలో ఉన్నంతసేపు బీన్ బతికే వ్యూ స్కోప్‌కు మార్చాక అదీ సరిపోయింది.