పాత ఫోర్డ్ పికప్ వేడెక్కుతుంటే థర్మోస్టాట్ మీద నంబర్ కాదు, దాని అడుగు చూడండి

ఉష్ణోగ్రత ముల్లు కాస్త పైకి లేవగానే చాలామంది చేసే మొదటి పని, 195 థర్మోస్టాట్ పీకి 160 పెట్టడం. దానివల్ల వేడెక్కడం ఆగదు. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్. ఇంజిన్ కనీసం ఎంత వేడి మీద నడవాలన్నదే అది నిర్ణయిస్తుంది. అంతకు మించి ఎంత దూరం పోతుందన్నది రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ ప్రవాహం మీద ఆధారపడుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక 160కీ 195కీ తేడా ఏమీ ఉండదు. వేడెక్కడం కాసేపు ఆలస్యమవుతుంది, అంతే.

ఆ అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటాయి. 195 అంటే సుమారు 91 డిగ్రీల సెల్సియస్, 180 అంటే 82, 160 అంటే 71. అది తెరుచుకోవడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత. పూర్తిగా తెరుచుకోవాలంటే ఇంకో 15-20 ఫారన్‌హీట్ డిగ్రీలు కావాలి. అందుకే 195 వేసిన బండిలో 210 కనబడితే కంగారు పడకండి. సగం కూలెంట్, సగం నీళ్లు పోసి, 15 పీఎస్ఐ ఒత్తిడిని పట్టి ఉంచే రేడియేటర్ మూత సరిగ్గా ఉంటే అది దాదాపు 265 దాకా మరగదు.

ముందు ఈ రెండూ చూడండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి. పక్కనుండే కూలెంట్ డబ్బా నిండుగా ఉంది కదా అని వదిలేయొద్దు. మూత సీలు పోతే డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. ఈ ఒక్కటీ చూడకుండా వాటర్ పంప్ మార్చినవాళ్లు ఎంతమందో.

రెండోది, ముల్లు నిజం చెబుతోందా? ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ మీద కొలవండి. పాత ఫోర్డ్‌లలో ఉష్ణోగ్రత ముల్లు, పెట్రోల్ ముల్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే డ్యాష్‌బోర్డ్ వెనకున్న చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్‌నో, దాని ఎర్త్‌నో అనుమానించండి. ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు.

లక్షణాన్ని బట్టి

ఎంతసేపు నడిపినా వేడెక్కదు, హీటర్ గోరువెచ్చగానే వస్తుంది: థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది, మార్చేయండి.

ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడుతుంది: ఫ్యాన్‌ని ఇంజిన్‌తో కలిపి తిప్పే ఫ్యాన్ క్లచ్ పోయి ఉండాలి, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగు ఎవరో తీసేసి ఉండాలి. వేడి ఇంజిన్ ఆపి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. అడ్డూ అదుపూ లేకుండా గిరగిరా తిరిగితే క్లచ్ పోయినట్టే.

స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు ఎగిరింది, పై హోస్ మాత్రం చల్లగా ఉంది: థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా దాని కింద గాలి చిక్కుకుని ఉండాలి. థర్మోస్టాట్ అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అది పైకి వచ్చేలా బిగిస్తే గాలి బయటికి పోతుంది.

ఎత్తు ఎక్కుతున్నప్పుడో, బరువు లాగుతున్నప్పుడో వేడి పెరుగుతూ పోతుంది: కింది హోస్ లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి, ఆర్‌పీఎం పెంచినప్పుడు హోస్ లోపలికి అణిగిపోతోందేమో చూడండి. రేడియేటర్ పూడుకుపోతే థర్మామీటర్‌తో అంగుళం అంగుళం కొలిచినప్పుడు చల్లటి మచ్చలు దొరుకుతాయి. ఇవేవీ కాకపోతే కింది భాగం శ్రద్ధగా చదవండి.

అందరినీ ఏడిపించే కారణం

1977 నుంచి 1982 దాకా ఎఫ్-సిరీస్ పికప్‌లలో వచ్చిన 351ఎం, 400 ఇంజిన్లు క్లీవ్‌లాండ్ కుటుంబానివి. వీటిలో థర్మోస్టాట్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉండదు, బ్లాక్‌లోనే కూర్చుంటుంది. దాని కిందే ఒక ఇత్తడి పళ్లెం, మధ్యలో రంధ్రం. అదే బైపాస్ దారి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఆ రంధ్రంలోంచి నేరుగా పంప్‌కి తిరిగిపోవాలి. వేడెక్కాక ఆ దారి మూసుకుని కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లాలి. మూసే పని థర్మోస్టాట్‌దే. సరైన థర్మోస్టాట్ అడుగున చిన్న గొట్టంలాంటి టోపీ ఉంటుంది. లోపలి మైనం కరిగి వాల్వ్ తెరుచుకునేటప్పుడు ఆ టోపీ కిందికి దిగి రంధ్రాన్ని మూస్తుంది.

ఫోర్డ్‌కే 351 విండ్సర్ అని వేరే కుటుంబం ఇంజిన్ ఉంది, దాని థర్మోస్టాట్‌కి ఆ టోపీ ఉండదు. అయినా అదే చోట చక్కగా కూర్చుంటుంది. షాపులో "351" అంటే చాలాసార్లు చేతికిచ్చేది అదే. బిగించాక లీక్ ఉండదు, హీటర్ పనిచేస్తుంది, ఊళ్లో తిరిగినంతసేపు ముల్లు కదలదు. బరువు పడగానే కథ మారుతుంది. వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా తెరిచే ఉన్న బైపాస్‌లోంచి మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది. రేడియేటర్ కింది హోస్ బాగానే చల్లగా ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఉడుకుతుంటుంది. కొత్త రేడియేటర్ కొన్నా, పంప్ మార్చినా అంతే. థర్మోస్టాట్ కొత్తది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాదు.

కొందరు విసుగెత్తి థర్మోస్టాట్ మొత్తం తీసేస్తారు. ఈ ఇంజిన్లలో అది ఇంకా చేటు. బైపాస్‌ని మూసేది ఏదీ మిగలదు.

పరిష్కారం కష్టమేమీ కాదు. హౌసింగ్ విప్పి, పాత థర్మోస్టాట్ తీసి, టార్చ్ వేసి కిందికి చూడండి. ఇత్తడి పళ్లెం ఉండాలి. ప్రవాహానికి అడ్డమనుకుని దాన్ని ఊడగొట్టినవాళ్లూ ఉన్నారు, అప్పుడు సరైన థర్మోస్టాట్ కూడా ఏమీ చేయలేదు. పళ్లెం లేకపోతే ముందు అది సంపాదించి బిగించండి. తర్వాత క్లీవ్‌లాండ్ రకం థర్మోస్టాట్ అనే అడిగి తెచ్చుకోండి, డబ్బా మీద రాతని నమ్మకుండా టోపీని కళ్లారా చూడండి. బిగించే ముందు గిన్నెలో నీళ్లు పెట్టి, అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి మరిగించండి. పక్కన థర్మామీటర్ పెడితే ఎక్కడ తెరుచుకుంటోందో, టోపీ ఎంత దిగుతోందో తెలుస్తుంది. మైనం ఉన్న వైపు ఎప్పుడూ ఇంజిన్‌లోకే ఉండాలి.

మరి ఏ నంబర్?

తయారీదారు చెప్పిందే. కార్బొరేటర్ బండికి 180 వేసినా నష్టం లేదు. కంప్యూటర్‌తో ఇంధనం చల్లే తర్వాతి పికప్‌లలో 160 వేస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని అది ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉండొచ్చు. ఏ బండిలోనైనా మరీ చల్లగా నడిస్తే ఆయిల్‌లోని తేమ ఆవిరి కాక మడ్డి పేరుకుంటుంది.

అరుదైనవి

పంప్ రెక్కలు తుప్పుపట్టి అరిగిపోవడం, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఆలస్యంగా ఉండటం. టైమింగ్ లైట్‌తో రెండోది అక్కడికక్కడే తేలిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట్లో చిక్కుకున్న గాలి పోయాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు ఆలోచించండి. రాకపోతే హెడ్ విప్పొద్దు.