తల పిడుగు పడ్డట్టు నొస్తే: వెంట వచ్చినవాళ్లు చేయాల్సినవి

అత్యవసర విభాగంలో రాత్రి డ్యూటీ చేసే నర్సును. కుర్రాణ్ని మోసుకొచ్చిన స్నేహితులు దాదాపు ప్రతిసారీ చెప్పే మాట: "ఏమీ తీసుకోలేదు సిస్టర్, ఉన్నట్టుండి పడిపోయాడు." పక్కన వాళ్లమ్మ ఉంటుంది, పాపం ఏమని చెబుతారు! మత్తుమందు తీసుకుని ఉంటే డాక్టరును పక్కకు పిలిచైనా నిజం చెప్పండి. వైద్యం దాని మీదే ఆధారపడుతుంది.

మెథాంఫెటమైన్, కొకైన్ లాంటి మత్తుమందులు మెదడు రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తాయి. కొందరిలో నాళాల గోడలే వాస్తాయి. మత్తుమందులు వాడిన 14 మందిలో ఇలాంటి వాపును అమెరికా వైద్యులు 1970లోనే వివరించారు. అయితే వాపు అనుకున్న కేసుల్లో చాలావాటికి అసలు కారణం ముడుచుకుపోవడమేనని తర్వాత అర్థమైంది. యాంజియోగ్రామ్‌లో (రక్తనాళాలను చూపే పరీక్ష) రెండూ పూసల దండలాగే కనిపిస్తాయి. వాపుకు స్టెరాయిడ్లు ఇస్తారు. నాళాలు ముడుచుకున్నప్పుడు అవే చేటు చేయవచ్చు. ఏమి తీసుకున్నాడో తెలియకపోతే డాక్టరు చీకట్లో తడుముకోవాల్సిందే.

నిమిషంలోపే భరించలేనంతగా పెరిగే తలనొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్ అసలే వద్దు. లోపల రక్తస్రావం ఉందో లేదో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది. చివరిసారి బాగున్న సమయం రాసుకోండి. పక్షవాతం మెదడు నాళంలో రక్తం గడ్డకట్టి వచ్చిందైతే, ఆ గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

దొరికిన పొట్లం, మాత్రల అట్టలు తీసుకురండి. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్ కూడా నాళాలను బిగిస్తాయి, వాటినీ చెప్పండి. పోలీసుల భయమా? వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట మత్తు మాన్పించే చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే, వాడకానికి సంబంధించిన కేసు నుంచి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

నొప్పి తగ్గిందని రెండో రోజే సంతకం పెట్టి వెళ్లిపోతామంటారు. నాకు చిర్రెత్తేది అక్కడే. పక్షవాతం రెండో వారంలోనూ రావచ్చు. నాళాలు ముడుచుకుని ఉంటే సాధారణంగా మూడు నెలల్లో సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ యాంజియోగ్రామ్ తీయించాలి. ఈలోగా మత్తు మానడానికి సాయం కావాలంటే 14446కు ఫోన్ చేయండి.