కార్జం వేపుడు గట్టిపడకుండా, నీచు రాకుండా

ఆదివారం మా కావలిలో మటన్‌తోపాటు కార్జం కూడా తెచ్చుకునేవాళ్లు చాలామందే. వండాక నీచు వాసన, నమిలితే రబ్బరులా సాగడం, పిల్లలు ముట్టకపోవడం. పాపం, ఐరన్, బి12 అంత దండిగా ఉన్న ముక్క పళ్లెంలోనే మిగిలిపోతుంది.

అర కిలో మేక కార్జానికి పైన ఉండే పలచటి పొర గోటితో లాగేయండి. దాన్ని వదిలేస్తే వేగేటప్పుడు ముక్క ముడుచుకుపోతుంది. అంగుళం ముక్కలు కోసి, గ్లాసు చల్లటి పాలల్లో అర చెంచా పసుపు కలిపి అరగంట నానబెట్టండి. మాంసానికి పాలేంటి అనుకునేవాళ్లు పులవని మజ్జిగ వాడొచ్చు. తర్వాత వంపేసి ముక్కల తడి పోయేలా ఆరనివ్వాలి, ఇది ముఖ్యం.

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక ముక్కలు వేసి పెద్ద మంట మీద 2 నిమిషాలు, మూత పెట్టి మధ్య మంటలో 6 నిమిషాలు. కుక్కర్ వద్దు. ఒక ముక్క విరిచి చూడండి, లోపల ఎర్రటి రసం ఉండకూడదు. ఉప్పు, మిరియాల పొడి, ధనియాల పొడి చివర్లోనే.

కొట్టేటప్పుడు పిత్తాశయం చిట్లి ముక్కకు పచ్చరంగు అంటితే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ఆ చేదు పాలకీ మజ్జిగకీ పోదు, అంతమేర కోసి పారేయాల్సిందే. కొనేటప్పుడే తిరగేసి చూసుకోండి.

అన్నట్టు, రక్తం పడుతుందని గర్భిణులకు కార్జం తినిపిస్తుంటారు. ఇందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, డాక్టర్‌ను అడక్కుండా పెట్టొద్దు.