ఖరీదైన కారుకి స్పార్క్ ప్లగ్‌లు ఇంట్లోనే మార్చుకోవడం

బానెట్ ఎత్తగానే పెద్ద నల్ల ప్లాస్టిక్ మూత, దాని మీద కంపెనీ గుర్తు, ఒక్క బోల్టు కూడా బయటికి కనపడదు, అది చూసే చాలామంది ఇది మనవల్ల అయ్యే పని కాదని వదిలేస్తారు. ఆ మూత తీస్తే కింద ఉండేది పెట్రోల్ ఇంజనే, సిలిండర్‌లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్ కూడా మర తిప్పి తీసి మర తిప్పి బిగించేదే. కాకపోతే ప్లగ్ కూర్చునే ఇంజన్ హెడ్, అంటే సిలిండర్ల పైభాగం అల్యూమినియం, ప్లగ్ స్టీలు, మర వంకరగా పట్టి తిప్పితే మెత్తటి అల్యూమినియం మరే పాడవుతుంది, ఇక ఆ హెడ్ రిపేరు ఖర్చు ముందు ప్లగ్‌ల ఖర్చు లెక్కలోకే రాదు. కాబట్టి ఈ పనికి బలం కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

మొదట మీ ఇంజన్ ఏదో చూసుకోండి. వరసగా నాలుగు, ఆరు సిలిండర్లు ఉన్నవి, అంటే బీఎండబ్ల్యూ స్ట్రెయిట్ సిక్స్ లాంటివి ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు, ప్లగ్‌లన్నీ పైనుంచే అందుతాయి. లెక్సస్ ఈఎస్ 350 లాంటి అడ్డంగా కూర్చున్న వీ6 (మూడేసి సిలిండర్లు రెండు వరసల్లో) అయితే వెనక వైపు మూడింటికి, ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ పై భాగం విప్పాలి, మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మెర్సిడెస్ పాత ఎం113 వీ8 ఇంజన్‌లో సిలిండర్‌కి రెండు చొప్పున మొత్తం 16 ప్లగ్‌లు ఉంటాయి, ఎనిమిదే కొనుక్కుని మొదలుపెడితే సగంలో ఆగిపోతారు.

ప్లగ్ పార్ట్ నంబర్ మీ కారుకి చెప్పిందే తీసుకోండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన చోటే కొనండి. సాకెట్ విషయం కూడా ముందే చూసుకోవాలి, చాలా బీఎండబ్ల్యూలకి 14 ఎంఎం, 12 పాయింట్, గోడ పల్చగా ఉండే సాకెట్ కావాలి, మామూలు 16 ఎంఎం ప్లగ్ సాకెట్ వాటికి పట్టదు. దాంతోపాటు పొడుగు ఎక్స్‌టెన్షన్, రాట్చెట్, ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే టార్క్ రెంచ్, గాలి కొట్టడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, రాత్రి ఆపి పొద్దున చేస్తే ఇంకా మంచిది. వేడి మీద తిప్పితే ప్లగ్‌తో పాటు హెడ్‌లో మర కూడా లేచి రావచ్చు. ఇగ్నిషన్ ఆపేసి కీ కారుకి దూరంగా పెట్టేయండి. మూత తీశాక ఒక్కో ప్లగ్ మీద దానికి హై వోల్టేజి ఇచ్చే కాయిల్ ఒక్కోటి కనపడుతుంది. కనెక్టర్ లాక్ వేడికి ఎండి పెళుసుగా ఉంటుంది, వైరు పట్టుకుని లాగకండి, లాక్ ఎత్తి వదులయ్యాకే తీయండి. కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. ఒక సిలిండర్ పూర్తిచేసి ఇంకోదానికి వెళ్ళండి, అప్పుడు కాయిల్స్, వైర్లు కలిసిపోవు.

ప్లగ్ వదులు చేసే ముందు ఆ గుంతలోకి గాలి కొట్టండి, అక్కడ ఇసుక, ఎండుటాకు ముక్క ఉంటే నేరుగా సిలిండర్‌లో పడుతుంది. గుంతలో నూనె నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందన్నమాట, అది కూడా చేయించుకోవాలి.

పాత ప్లగ్‌లు తీసిన వరసలోనే పేర్చుకోండి. కొన లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే, పొడి నల్ల మసి అయితే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, తడిగా నూనె ఉంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీల్స్ గానీ అరిగాయేమో చూపించుకోవాలి. తెల్ల పింగాణీ మీద లోహం పక్కన గోధుమ మరక కనిపిస్తే భయపడకండి, హై వోల్టేజికి అక్కడ అలా పడుతుంది, లీక్ కాదు.

కొత్తది కింద పడిందా, పక్కన పెట్టేయండి, లోపల పింగాణీ చిట్లినా బయటికి తెలియదు. కొన ఇరిడియం లోహంతో చేసిన ప్లగ్‌కి గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుంది, ఆ సన్నటి కొనని గేజ్ పెట్టి గెలకకండి.

అసలు పని ఇప్పుడు. రాట్చెట్ తీసేసి ఎక్స్‌టెన్షన్‌ని వేళ్ళతోనే పట్టుకోండి, ప్లగ్‌ని దింపి ముందు ఎడమకి నెమ్మదిగా తిప్పండి, ఒకచోట టక్కుమని చిన్నగా కిందకి దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి కుడికి తిప్పితే మర దానంతటదే పడుతుంది. చివరిదాకా వేళ్ళకి తేలిగ్గా తిరగాలి, మధ్యలో బిగుసుకుంటే వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి, రాట్చెట్ పెట్టి నెట్టకండి. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో. మామూలుగా 12 ఎంఎం మరకి 15–20, 14 ఎంఎంకి 25–30 న్యూటన్ మీటర్లు అంటారు గానీ బీఎండబ్ల్యూ 12 ఎంఎంకే 23 చెప్తుంది, అందుకే మీ కారు మాన్యువల్‌లో అంకే ఫైనల్. మరకి గ్రీజు రాయకండి, రాస్తే అదే టార్క్‌కి అవసరానికి మించి బిగుసుకుంటుంది.

కాయిల్ పూర్తిగా దిగేదాకా నొక్కి, కనెక్టర్ క్లిక్ వినపడ్డాకే తర్వాతది. అన్నీ అయ్యాక స్టార్ట్ చేస్తే ఐడిల్, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం, నున్నగా ఉండాలి. మిస్సింగ్ కొడితే, అంటే ఏదో సిలిండర్ సరిగా మండకపోతే, కారు లోపాల కోడ్ చదివే స్కానర్ పెట్టండి, పీ0303 అని కోడ్ వస్తే మిస్సింగ్ మూడో సిలిండర్‌లో. ముందు అక్కడి కనెక్టర్ చూడండి, అది బాగుంటే ఆ కాయిల్‌ని ఇంకో సిలిండర్‌దానితో, ఆరు సిలిండర్ల ఇంజన్ అయితే ఐదోదానితో అనుకుందాం, మార్చండి, కోడ్ పీ0305కి మారితే కాయిలే పోయింది. ఈలోగా చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి నడపకండి, కాలని పెట్రోల్ వెళ్ళి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.